పరుగు పందెంలో ప్రాణవాయువు



బళ్ళారిలోనో, హోసూరులోనో, రాయగడలోనో, చంద్రపూర్‌లోనో, యానాంలోనో తెల్లవారుజామున పాఠశాల మైదానం వైపు వెళ్ళి చూడండి. పోలీసు ఎంపిక కోసమో, సైన్యంలో చేరడానికో, జిల్లా ఆటల పోటీలకో పరుగు సాధన చేసే పిల్లలు కనబడతారు. వాళ్ళ సంచిలో తువ్వాలు, నీళ్ళసీసా ఎప్పుడూ ఉండేవే. వాటి పక్కన ఇప్పుడు విటమిన్ మాత్రల డబ్బా కూడా చేరింది. పరుగెత్తితే ఒంట్లో ‘ఫ్రీ రాడికల్స్’ అనే విషాలు పుడతాయనీ, ఈ మాత్రలు వాటిని విరిచేస్తాయనీ ఎవరో చెప్పి ఉంటారు. ఆ పిల్లల తల్లిదండ్రులు మీరే అయితే, ఇంటి ఖర్చులో కొంత మిగిల్చి ఆ డబ్బా కొని ఇచ్చి ఉంటారు. ఎవరో చెప్పిన ఆ మాటలో సగం నిజం ఉంది. రెండో సగం నిలవలేదు. పైగా ఆ మాత్రలు సాధన ఫలితంలో కొంత భాగాన్ని తినివేయవచ్చునని 2008 తర్వాత జరిగిన పరీక్షలు చూపించాయి. నిజమైన సగం తెలియడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. నిలవని సగాన్ని నమ్మడానికి మాత్రం పదేళ్ళు కూడా పట్టలేదు. ఈనాటి ప్రసంగంలో ఆ కథ చెప్పుకుందాం.

1774 ఆగస్టులో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరసపు ఎర్రభస్మం మీదికి పెద్ద భూతద్దంతో ఎండను పట్టించి, అందులోంచి వెలువడిన వాయువును సీసాలో పట్టాడు. కొవ్వొత్తి అందులో దేదీప్యమానంగా మండింది. ఆ తర్వాతి సంవత్సరం ఎలుకను ఆ వాయువులో ఉంచితే, మామూలు గాలిలో కంటే ఎక్కువసేపు బతికింది. ఆయన తానే పీల్చి చూసి, రొమ్ము తేలికపడిందని రాశాడు. స్వీడనులో షీలె అనే మందుల తయారీదారు ఈ వాయువును అంతకుముందే కనిపెట్టాడు కాని, ఆయన పుస్తకం ఆలస్యంగా, 1777లో వెలువడింది. ప్రీస్ట్లీ ఇంకొక అనుమానం కూడా వెలిబుచ్చాడు. ఈ శుద్ధమైన గాలిలో కొవ్వొత్తి త్వరగా కరిగిపోయినట్టే, దీన్నే పీలుస్తూ బతికితే మనిషి కూడా త్వరగా హరించిపోతాడేమో అని. అప్పటికి అది ఊహ మాత్రమే. కాని చూడండి, మనం ఇవాళ చెప్పుకోబోయే విషయమంతా ఆ ఒక్క అనుమానంలో ఇమిడి ఉంది.

దీనికి ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు లవోయిజియే. ఊపిరి పీల్చడం కూడా ఒకరకమైన నెమ్మది మంటేనని నిరూపించినవాడూ ఆయనే. 1790 ప్రాంతంలో ఆయన తన సహచరుడు సెగ్వీన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ముఖానికి తొడుగు తగిలించి, కాలితో తొక్కుడు పలకను తొక్కించాడు. ఊరికే కూర్చున్నప్పటికంటే తొక్కుతున్నప్పుడు ఆక్సిజన్ వాడకం రెండింతలు దాటింది. శ్రమకూ ఊపిరికీ ఉన్న సంబంధాన్ని మొట్టమొదట అంకెల్లో కొలిచిన ప్రయోగాల్లో ఇది ఒకటి. ఆ దృశ్యానికి లవోయిజియే భార్య వేసిన బొమ్మ ఇప్పటికీ ఉంది. అందులో ఆమె పక్కన బల్ల దగ్గర కూర్చుని అంకెలు రాసుకుంటూ కనబడుతుంది. 1794 మేలో విప్లవ న్యాయస్థానం లవోయిజియేకు శిరచ్ఛేదం విధించింది. ఆ పని అక్కడితో ఆగింది.

ప్రాణవాయువు ప్రాణం తీయగలదని చూపించినవాడు పోల్ బేర్. ఈయనా ఫ్రెంచివాడే. అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చిన పక్షులు, జంతువులు మూర్ఛ వచ్చి కొట్టుకోవడం గమనించి, 1878లో ఒక పెద్ద గ్రంథంలో వివరంగా రాశాడు. లోతైన నీళ్ళలోకి దిగే మునగాళ్ళకు వచ్చే మూర్ఛలను నేటికీ వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తారు. విచిత్రమేమిటంటే, ఆయన తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి, ఇండోచైనాలో ఫ్రెంచి ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేస్తూ 1886లో హనోయిలో మరణించాడు. ఆక్సిజన్ ఎందుకు విషమవుతుందన్న ప్రశ్న మాత్రం 76 ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఈలోగా కండరాల కథ వేరే దారిలో నడిచింది. పరుగెత్తి ఆగిన తర్వాత కూడా కొంతసేపు ఆయాసం ఎందుకు తీరదు? మాంచెస్టరులో ఏ.వి. హిల్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలో వీపున సంచి కట్టించి, గడ్డి మైదానంలో పరుగెత్తించి, విడిచిన గాలిని పట్టి కొలిచాడు. పరుగెత్తినవాళ్ళలో ఆయనా ఒకడు. పరుగులో చేసిన బాకీని పరుగు తర్వాత తీరుస్తున్నామన్నాడు. ఊపిరి బాకీ అన్నమాట. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకూ, జర్మనీకి చెందిన మేయర్‌హాఫ్‌కూ వచ్చింది. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని ఆనాటి సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని తిరగరాయించినవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన 1925లో రూపొందించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థం బయటపడింది. కండరం పనిచేస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతిలో మళ్ళీ నిండుతుంది. 1929లో ఏ.టి.పి. అనే శక్తి నాణెం కూడా ఆ ఇద్దరి చేతికే చిక్కింది. అదే ఏడు జర్మనీలో లోమాన్ విడిగా దాన్ని కనుగొన్నాడు. నూరు మీటర్ల పందెంలో తొలి కొద్ది సెకన్లు సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ మీదే ప్రధానంగా నడుస్తాయి. 1600 మీటర్లకు ఆ నిల్వ చాలదు. అక్కడ కొలిమి తిత్తి ఆడాల్సిందే, ఊపిరి కావాల్సిందే.

ఎంత ఊపిరి? ఊరికే కూర్చున్న మనిషి ఒంటికి నిమిషానికి సుమారు పావు లీటరు ఆక్సిజన్ సరిపోతుంది. మేటి క్రీడాకారుడు పోటీ పతాక స్థాయిలో నిమిషానికి అయిదారు లీటర్లు వాడుకోగలడు. అంటే ఇరవై రెట్లకు పైమాట. కొలిమి అంతగా మండితే నిప్పురవ్వలు లేవవా?

ఆ నిప్పురవ్వల సంగతి రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. అణువుల్లో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట తప్పిన ఎలక్ట్రాన్ ఉన్న అణువు నిలకడ లేనిది. పక్కవాడి దగ్గర నుంచి ఒకటి లాక్కునేదాకా ఊరుకోదు. అప్పుడు జంట తప్పడం పక్కవాడి వంతు. ఇలాంటి అణువునే ఫ్రీ రాడికల్ అంటారు. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ మొదటిసారి అలాంటిదాన్ని సీసాలో పట్టి చూపితే చాలామంది నమ్మలేదు. జీవుల ఒంట్లో అలాంటివి ఉండగలవని అప్పుడెవరికీ తోచలేదు.

1954లో రెబెకా గెర్ష్మాన్ అనే అర్జెంటీనా శాస్త్రజ్ఞురాలు అమెరికాలోని రాచెస్టరులో పనిచేస్తూ, ఆక్సిజన్ విషమూ ఎక్స్-కిరణాల హానీ ఒకే దారిలో జరుగుతాయనీ, ఆ దారి ఫ్రీ రాడికల్స్‌దేననీ చెప్పింది. పోల్ బేర్ వదిలివెళ్ళిన ప్రశ్నకు అదీ జవాబు. రెండేళ్ళ తర్వాత, 1956లో, పెట్రోలియం కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేసి వైద్యంలోకి వచ్చిన డెన్హమ్ హార్మన్, ముసలితనానికి కూడా ఇవే కారణమని ప్రతిపాదించాడు. గెర్ష్మాన్ పేరు తెలిసినవారు తక్కువ, హార్మన్ పేరు లోకమంతా తెలుసు. ఇది నాకు న్యాయంగా తోచదు.

తర్వాతి మలుపు మరీ తమాషా అయినది. 1938లో ఇంగ్లండులో ఎద్దు రక్తం నుంచి రాగి ఉన్న ఒక మాంసకృత్తును వేరుచేశారు. దాని పని ఏమిటో తెలియక, బహుశా రాగిని నిల్వచేసే గాదె కాబోలు అనుకున్నారు. ముప్పై ఏళ్ళు అలాగే అనుకుంటూ వచ్చారు. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్ అనే విద్యార్థి, తన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్‌తో కలిసి దాని అసలు పని బయటపెట్టాడు. సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ను పట్టి చల్లార్చడమే దాని ఉద్యోగం. చల్లార్చే ఎంజైము ప్రతి కణంలోనూ ఉందంటే, చల్లార్చవలసిన నిప్పు కూడా ప్రతి కణంలోనూ పుడుతున్నట్టే కదా! శరీరం వేల తరాలుగా ఎరిగిన సంగతి మనకు 1969లో తెలిసింది.

నిప్పు ఎలా పుడుతుందో కొంచెం చెప్పుకుందాం. కణంలో మైటోకాండ్రియా అనే కొలుములున్నాయి. అక్కడ ఒక్కొక్క ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది. ఎక్కడో ఒకచోట ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే అంది ఆగిపోతే సూపరాక్సైడ్ పుడుతుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దానికి ఇనుము తోడైతే హైడ్రాక్సిల్ అనే మహా కోపిష్టి. ఇవి కణపు గోడల్లోని కొవ్వుకు తగిలితే ఆ కొవ్వు పాడవుతుంది. మూత తీసి పెట్టిన వేరుశనగ నూనె నెలలు గడిచేసరికి ముక్కిన వాసన కొడుతుంది చూశారా, సరిగ్గా ఆ మార్పే. నూనె సీసాలో నెమ్మదిగా జరిగేది కణపు గోడలో చిన్నయెత్తున, క్షణాల్లో జరుగుతుంది.

ఈ వాసననే పట్టుకుని 1978లో ఒక బృందం అసలు ప్రశ్నను అడిగింది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆల్ టాపెల్ ఆహార శాస్త్రజ్ఞుడు. కొవ్వు పదార్థాలు ముక్కిపోవడం గురించే ఏళ్ళ తరబడి పరిశోధన చేసినవాడు. కొవ్వు ముక్కితే పెంటేన్ అనే వాయువు కొద్దిగా వెలువడుతుందని ఆయనకు తెలుసు. ఆరోగ్యవంతుల చేత వ్యాయామ సైకిలు తొక్కించి, వాళ్ళు విడిచిన ఊపిరిలో పెంటేన్ కోసం వెదికారు. గంటసేపు గట్టిగా తొక్కితే అది విశ్రాంతి స్థాయికి 1.8 రెట్లయింది. రెండు వారాలు విటమిన్ ఇ ఇచ్చాక చూస్తే తగ్గింది. 1982లో అదే రాష్ట్రంలోని బర్క్‌లీలో డేవిస్, ప్యాకర్, బ్రూక్స్ మొదలైనవారు ఎలుకలను అలసి పడిపోయేదాకా పరుగెత్తించి, వాటి కండరాల్లోనూ కాలేయంలోనూ ఫ్రీ రాడికల్స్ రెండు మూడు రెట్లు పెరిగినట్టు ప్రత్యేక యంత్రంతో నేరుగా చూశారు. విటమిన్ ఇ లేని తిండి తిన్న ఎలుకల దమ్ము 40 శాతం తక్కువగా ఉంది.

మాత్రల డబ్బా మీద నమ్మకం పుట్టింది ఇక్కడే. ఆ ప్రయోగాల్లో తప్పేమీ లేదు. వాటి నుంచి తీసిన అర్థంలోనే తొందరపాటు ఉంది. విటమిన్ లోపించిన ఎలుక దమ్ము తగ్గితే, విటమిన్ చాలినంత ఉన్న మనిషికి ఇంకా పోస్తే దమ్ము పెరుగుతుందని అనుకోవడం ఎలాంటిదంటే, నీళ్ళులేని పైరు ఎండింది కనుక నిండా తడిసిన పొలానికి మళ్ళీ నీరు పెట్టడం లాంటిది.

అంతకుముందే, 1970లో, రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ విటమిన్ సి గురించి రాసిన పుస్తకం అమెరికాను ఊపేసింది. 1985లో జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అనే మాటను శాస్త్రంలో స్థిరపరిచాడు. ఆక్సీకరణ ఒత్తిడి అని మనం చెప్పుకోవచ్చు. నిప్పురవ్వలు ఒకవైపు, వాటిని చల్లార్చే శక్తి ఇంకొకవైపు ఉన్న త్రాసులో మొదటి పళ్ళెం బరువెక్కడమే ఆయన ఉద్దేశం. ఆ మాట వినగానే రెండో పళ్ళెంలో మాత్రలు వేస్తే సరిపోతుందని జనానికి తోచింది.

పోటీల మైదానంలో ఈ నమ్మకానికి బలమైన ఆధారం ఒకటి 1993లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు 1921 నుంచి జరుగుతోంది. డర్బన్ మనకు పరాయి ఊరు కాదు. కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి అక్కడ తరతరాలుగా ఉంది, వాళ్ళ ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడింది. ఆ పరుగులో పాల్గొన్నవారిలో కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల విటమిన్ సి, కొందరికి ఉత్త మాత్ర మూడు వారాలు ఇచ్చారు. పరుగు తర్వాతి రెండు వారాల్లో ఉత్త మాత్ర తిన్నవారిలో 68 శాతానికి జలుబు, గొంతు బాధ వచ్చాయి. విటమిన్ తిన్నవారిలో 33 శాతానికే వచ్చాయి. ఈ ఫలితాన్ని కొట్టిపారేయలేం. తర్వాత మారథాన్ పరుగువీరులు, మంచు మీద జారే క్రీడాకారులు, చలిలో శిక్షణ పొందే సైనికులు కలిసి 598 మంది మీద జరిగిన అయిదు పరీక్షలను కలిపి చూసినా, జలుబు బెడద సగానికి తగ్గినట్టే తేలింది. విటమిన్ సి మాత్రకు తీవ్రశ్రమ చేసేవారి విషయంలో నిలబడిన ఉపయోగం ఇదొక్కటే అనిపిస్తుంది. అయితే అది జలుబు సంగతి. దమ్ము సంగతి కాదు, కండరం సంగతీ కాదు.

కొలిచే సాధనాలు మెరుగైనకొద్దీ నమ్మకం సడలింది. 1990లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంవారు ఐసోప్రోస్టేన్లు అనే పదార్థాలను కనుగొన్నారు. ఒంట్లో కొవ్వు ఎంత ఆక్సీకరణకు గురైందో ఇవి పెంటేన్ కంటే నమ్మకంగా చెబుతాయి. 2002లో హవాయి దీవిలోని కోనాలో జరిగిన ట్రయాథ్లాన్ ప్రపంచ పోటీలో దీన్ని వాడి చూశారు. ఈ పోటీ సామాన్యమైనది కాదు. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, ఆపైన 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజున. రెండు నెలలపాటు రోజూ 800 యూనిట్ల విటమిన్ ఇ మింగినవారికి పోటీ తర్వాత ఐసోప్రోస్టేన్లు 181 శాతం పెరిగాయి. ఉత్త మాత్ర మింగినవారికి 97 శాతమే పెరిగాయి. చల్లార్చుతుందనుకున్నది ఎగదోసిందన్నమాట! ఎలక్ట్రాన్ ఇచ్చి వచ్చిన విటమిన్ అణువు తానే జంట తప్పి ఉంటుంది, దాన్ని సరిదిద్దడానికి మరొకటి అందుబాటులో ఉండాలి. మోతాదు మితిమీరితే ఆ లెక్క తప్పవచ్చు.

అసలు ఆ పోటీ ఒంటికి ఎంత హాని చేస్తుంది? దీనికి జవాబు 2006లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో అంతే దూరాలతో జరిగిన పోటీ నుంచి వచ్చింది. వియన్నా శాస్త్రజ్ఞులు పోటీకి రెండు రోజుల ముందు, ముగిసిన వెంటనే, ఒకరోజు తర్వాత, అయిదు రోజుల తర్వాత, 19 రోజుల తర్వాత రక్తం తీసి చూశారు. ఆక్సీకరణ గుర్తులు పోటీ ముగియగానే పెరిగాయి, అయిదో రోజుకల్లా మామూలుకు వచ్చేశాయి. డి.ఎన్.ఎ.కు నిలిచిపోయే నష్టం కనబడలేదు. కండరాల వాపు మాత్రం నెమ్మదిగా తగ్గింది, 19వ రోజుకు అదీ దాదాపు తీరింది. వీళ్ళంతా ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళని మీరు మరువకూడదు. సాధన లేని మనిషి ఒక్కసారిగా అంత శ్రమకు దిగితే కథ వేరు.

ఇక లెక్కల్లో దొర్లిన తప్పు. 1970లలో ఫిలడెల్ఫియాలో చేసిన ప్రయోగాల ఆధారంగా, మైటోకాండ్రియాలో వాడే ఆక్సిజన్‌లో నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళు ఫ్రీ రాడికల్స్‌గా కారిపోతుందని పాఠ్యగ్రంథాలన్నీ రాశాయి. ఊపిరి ఇరవై రెట్లయితే నిప్పురవ్వలు కూడా ఇరవై రెట్లు అని అందరూ అంచనా వేశారు. కాని ఆ ప్రయోగాలు గాజుపాత్రలో, గాలి సమృద్ధిగా కలిసిన ద్రావణంలో చేసినవి. బతికి ఉన్న కండరంలో ఆక్సిజన్ అందులో చిన్న వంతే ఉంటుంది. 2002లో కేంబ్రిడ్జిలో మళ్ళీ కొలిస్తే ఆ కారుదల 0.15 శాతానికి మించలేదు. పైగా మైటోకాండ్రియా ఊరికే ఉన్నప్పటికంటే గట్టిగా పనిచేస్తున్నప్పుడు తక్కువగా కారుస్తుందని తేలింది. కట్టె తడిగా ఉండి మంట సరిగా అందుకోనప్పుడే పొయ్యి ఎక్కువ పొగ చిమ్ముతుంది కదా, అలాగన్నమాట. మరి పరుగెత్తేటప్పుడు పెరిగే రాడికల్స్ ఎక్కడివి? వాటిలో ఎక్కువభాగం కండరకణపు పొరల మీద ఉన్న ఎంజైములు పనిగట్టుకుని తయారుచేసేవని ఇప్పటి అవగాహన.

పనిగట్టుకుని ఎందుకు చేస్తాయి? మొత్తం కథలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. 2008లో స్పెయిన్‌లోని వలెన్సియాలో గోమెజ్ కబ్రేరా బృందం 14 మంది పురుషులకు ఎనిమిది వారాలు వ్యాయామ శిక్షణ ఇచ్చింది. కొందరికి రోజుకు ఒక గ్రాము విటమిన్ సి ఇచ్చారు. ఎలుకల మీద కూడా విడిగా చూశారు. విటమిన్ లేకుండా శిక్షణ పొందిన ఎలుకల పరుగు సమయం 186 శాతం పెరగగా, విటమిన్ తీసుకున్నవాటికి 26 శాతమే పెరిగింది. కొత్త మైటోకాండ్రియాలు కట్టే పని వాటి కండరాల్లో మందగించింది. మరుసటి ఏడు, 2009లో, జర్మనీలో మైకేల్ రిస్టోవ్ బృందం యువకులకు నాలుగు వారాల వ్యాయామం ఇస్తూ కొందరికి విటమిన్ సి, ఇ కలిపి ఇచ్చింది. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలవుతుందని మీరు వినే ఉంటారు. చక్కెర జబ్బు రాకుండా కాపాడేది ఆ గుణమే. మాత్రలు తిననివారిలో ఆ మేలు కనబడింది. తిన్నవారిలో కనబడలేదు.

అంటే ఆ నిప్పురవ్వలు ఉత్త చెత్త కాదు, కబురు కూడా. కొలిమి చాలడం లేదు, ఇంకొకటి కట్టండి, చల్లార్చే ఎంజైములు పెంచండి అని కణ కేంద్రకానికి అందే వర్తమానం అది. పరుగు ముగిసిన గంటల్లో ఆ పని మొదలవుతుంది. మాత్ర ఆ కబురును దారిలోనే ఆపేస్తే కణానికి శ్రమ జరిగిన సంగతే పూర్తిగా తెలియదు. 2018లో ప్రచురించిన ఒక గ్రీకు అధ్యయనం దీన్ని ఇంకోవైపు నుంచి చూపింది. వ్యాయామం చేసినప్పుడు ఆక్సీకరణ గుర్తులు అతి తక్కువగా పెరిగే మనుషులే ఆరు వారాల శిక్షణలో అతి తక్కువగా బాగుపడ్డారు.

అన్ని పరీక్షలూ ఇంత స్పష్టంగా రాలేదని కూడా మీకు చెప్పాలి. 2014లో నార్వేలో 54 మందితో 11 వారాలు జరిగిన పరీక్షలో, విటమిన్లు తిన్నవారి కండరాల్లో మైటోకాండ్రియా గుర్తులు తక్కువగానే పెరిగాయి. కాని పరుగు సామర్థ్యంలో రెండు వర్గాలకూ తేడా కనబడలేదు. కనుక మాత్ర తింటే సాధన అంతా వృథా అని నేను చెప్పడం లేదు. మేలు రుజువు కాలేదు, కీడుకు కొంత ఆధారం ఉంది, డబ్బు మాత్రం ఖాయంగా పోతుంది. కండరాల నొప్పుల విషయంలోనూ అంతే. 2017లో 50 పరీక్షలను, 1089 మందిని కలిపి చూసిన సమీక్ష, నొప్పి తగ్గడంలో చెప్పుకోదగిన తేడా లేదని తేల్చింది.

మరి పిల్లలకు ఏమి పెట్టాలి? భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన ప్రకారం పెద్ద మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. నూరు గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. ఒక గ్రాము మాత్ర అంటే అవసరానికి 12 రెట్లు. జామ, ఉసిరి, మునగాకు, గోంగూర, గుప్పెడు వేరుశనగలు, నువ్వులు ఇంట్లో ఉంటే ఎలుకల ప్రయోగంలో చూసిన లోపం మీ పిల్లలకు రాదు. తిండి ద్వారా వచ్చే ఈ మోతాదులు సాధనకు అడ్డుపడినట్టు ఎవరూ చూపలేదు. ఇంటి తిండే సరిగా అందని పిల్లల సంగతి వేరు, వారికి ఏది లోపమో వైద్యుడు చూసి చెప్పాలి.

ఒంటిని నిప్పురవ్వలకు అలవాటు చేయడం వారాల పని. ఎంపిక ప్రకటన వచ్చాక పదిహేను రోజుల్లో అంతా సాధించాలని రోజూ ప్రాణం మీదికి తెచ్చుకునే పరుగు పెడితే, కబురు అందుకుని కొత్త కొలిమి కట్టడానికి కణానికి వ్యవధి ఉండదు. గట్టి పరుగు తర్వాత ఒకటి రెండు రోజులు తేలికగా గడపడం బద్ధకం కాదు, ఆ కట్టుబడి జరిగేది అప్పుడే.

వేసవి ఎంపికల్లో అసలు భయపడవలసింది ఎండకు. అది ఆక్సీకరణ ఒత్తిడి కంటే చాలా తొందరగా మనిషిని కూలదోస్తుంది. ఏ విటమినూ దాన్ని ఆపలేదు. పరుగెత్తేవాడు తూలుతున్నా, మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతున్నా, వెంటనే ఆపి నీడకు చేర్చండి. బట్టలు వదులుచేసి, ఒంటి మీద చన్నీళ్ళు పోస్తూ, విసురుతూ, ఒకరిని వాహనం కోసం పంపండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి.